వంకర గట్టు

కంప్యూటర్‌తో పాటు ఊరికే వచ్చే క్యాలిక్యులేటర్ మీద నాకు మొదటి రోజు నుంచీ గౌరవం లేదు. ఊరికే వచ్చినందుకు కాదు. దాని బుద్ధి నాకు నచ్చలేదు. రెండు, కూడిక, మూడు, గుణకారం, నాలుగు అని వరుసగా కొడితే మామూలు రూపంలో ఇరవై అంటుంది. దాన్నే సైంటిఫిక్ రూపంలోకి మార్చి అదే వరుస కొడితే పద్నాలుగు అంటుంది. తెర ఒకటే, లెక్క ఒకటే, జవాబులు రెండు. మనిషి ఇలా మాట మారిస్తే పదిమందిలో నిలబెట్టి అడుగుతాం. యంత్రం కాబట్టి అది ఏది చెబితే అదే రాసుకుని వెళ్లిపోతారు.

నేను పనిచేసేది ప్రొద్దుటూరులో, దస్తావేజులు రాసే ఒకాయన గదిలో. పొలాలు అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, అన్నదమ్ముల మధ్య పంచుకునేవాళ్లు కొలతలు పట్టుకుని వస్తారు. గట్ల పొడవులు చూసి విస్తీర్ణం కట్టి, నాలుగు దిక్కుల హద్దులు కంప్యూటర్‌లో ఎక్కించడం నా పని. ఆ గది యజమాని తండ్రి ఒకప్పుడు రాజుపాలెం దగ్గర మా ఊరికి వచ్చి, మా ఇంటి అరుగు మీద కూర్చుని, మా జేజినాయన, అంటే మా నాయన తండ్రి, చెప్పింది చెప్పినట్టు రాసుకుని పోయేవాడు. ఇప్పుడు ఆయన కొడుకు చెప్పింది నేను ఎక్కిస్తున్నాను. ఇందులో నాకు ఫిర్యాదు ఏమీ లేదు. మా జేజినాయన జమ్మలమడుగు కోర్టుకు కొన్ని పొలాలు సమర్పించాడు, మా నాయన ఎన్నికలకు కొన్ని సమర్పించాడు, చివరికి పెద్దిల్లు అనే పేరు తప్ప ఇల్లు కూడా మిగల్లేదు. జమ్మలమడుగులో అద్దె ఇంట్లో ఉంటూ రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సులో నిలబడి వస్తాను. సీటు ఖాళీ చేసి ఇవ్వబోయేవాళ్లను వద్దంటాను.

లెక్కల సంగతి చెబుతున్నాను. మా వైపు పొలం విస్తీర్ణం కట్టడానికి అందరూ పాటించే పద్ధతి ఒకటి ఉంది. ఎదురెదురుగా ఉన్న రెండు గట్ల పొడవులు కలిపి సగం చేస్తారు. తక్కిన రెండు గట్లనూ అలాగే కలిపి సగం చేస్తారు. ఆ సగాన్ని ఈ సగంతో గుణించి, ఇదీ పొలం అంటారు. నాలుగు మూలలూ చక్కగా ఉన్న పొలానికి ఇది సరిపోతుంది. కానీ నాలుగు మూలలూ చక్కగా ఉన్న పొలాన్ని నేను మా ప్రాంతంలో చూడలేదు. ఒకవైపు వాననీళ్ల వంక కోసేసి ఉంటుంది, ఒకవైపు బండ్ల దారి తినేసి ఉంటుంది, ఇంకోవైపు రోడ్డు ఏటవాలుగా దూరి ఉంటుంది. పొలం ఎంత వంకర పోతే ఈ పద్ధతి అంత ఎక్కువ చూపిస్తుంది. ఎప్పుడూ ఎక్కువే. తక్కువ చూపించడం దానికి చేతకాదు. అందుకే అది అందరికీ అంత ఇష్టం.

సరైన దారి వేరే ఉంది. మూల నుంచి ఎదురు మూలకు టేపు పట్టి పొలాన్ని రెండు త్రిభుజాలు చేయాలి. ఒక్కో త్రిభుజం మూడు భుజాలనూ కలిపి సగం చేసి, ఆ సగంలోంచి ఒక్కో భుజాన్నీ తీసేసి, వచ్చినవాటిని ఆ సగంతో పాటు గుణించి, వర్గమూలం తీయాలి. బళ్లో అందరూ చదివిందే. కానీ ఆ క్యాలిక్యులేటర్‌తో ఇది చేయబోతే ప్రాణం విసిగిపోతుంది. చివరి మెట్టు మీద ఉండగా, మొదట్లో ఒక గట్టు పొడవు తప్పు కొట్టామని తెలుస్తుంది. అంతే, మళ్లీ మొదటి నుంచి. చేసిన లెక్కల్ని పక్కన ఒక వరుసలో చూపిస్తానని గొప్పలు పోతుంది కానీ, అందులో ఒక అంకె దిద్దితే తక్కినవి వాటంతట అవి సర్దుకోవు. తప్పు ఎక్కడుందో చూపించి, నీ చావు నువ్వు చావమంటుంది.

అందుకే వేరేది వెతికి తెచ్చి పెట్టాను. అది చూడ్డానికి ఖాళీ కాగితంలా ఉంటుంది. ఎడమవైపు లెక్కను వాక్యాల్లా వరుసగా రాసుకుంటూ పోవాలి. కుడివైపు ప్రతి వరుసకూ ఎదురుగా జవాబు వస్తుంది. కొలతకు పేరు పెట్టుకోవచ్చు. తూర్పు గట్టు ఇంత అని పైన ఒకచోట రాస్తే, కింద ఎక్కడ తూర్పు గట్టు అన్నా దానికి తెలుస్తుంది. పైన ఆ అంకె మారిస్తే కింద ఉన్న జవాబులన్నీ వెంటనే మారిపోతాయి. సెంటు అంటే ఎన్ని చదరపు అడుగులో ఒకసారి నేర్పితే, అడుగుల్లో ఇచ్చినదాన్ని సెంట్లలో చెబుతుంది. దానికి జ్ఞాపకం ఉంది, క్రమం ఉంది, అడిగిన వరుసలోనే జవాబు చెప్పే మర్యాద ఉంది. పాతదాన్ని కంప్యూటర్‌లోంచి తీసేశాను. కీబోర్డు మీద క్యాలిక్యులేటర్ బొమ్మ ఉన్న మీట నొక్కితే కొత్తది తెరుచుకునేలా మార్చాను.

మర్నాడు యజమాని ఆ మీట నొక్కి, తెర వైపు చూసి గుండె పట్టుకున్నాడు.

"ఏందప్పా ఇది? క్యాలిక్యులేటర్ యాడికి పోయింది?"

"తీసేసినా."

"తీసేసినావా! కంప్యూటర్‌తో పాటు పుట్టిందాన్ని తీసేస్తే అది పనిచేస్తాదా?"

"చేస్తాండాది గదా. నీ కండ్ల ముందరే ఉండాది."

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని తెరలోకి తొంగిచూశాడు. "దీంట్లో అంకెల బొత్తాలే లేవే. యాడ నొక్కాల?"

"నొక్కేది లేదు. రాసేది."

"రాసేటట్టయితే కాగితం మీదనే రాసుకుందుము గదప్పా. దీనికి కరెంటు ఎందుకు?"

"కాగితం మీద నువ్వు రాస్తే జవాబు నువ్వే చెప్పాల. ఈడ అది చెప్తాది."

"అది చెప్పింది నిజమని ఎట్ల తెలుస్తాది?"

ఇన్నేళ్లుగా పాతదాన్ని ఆయన ఈ ప్రశ్న ఒక్కసారీ అడగలేదు. ఆ మాటే అన్నాను. "అది కంపెనీవాళ్లు పెట్టింది, ఇది నువ్వు పెట్టింది" అని నా ముఖంలోకి చూసి, కాఫీ తాగడానికి లేచిపోయాడు.

వచ్చినవాళ్లకు కొత్త లెక్క అసలే నచ్చలేదు. దువ్వూరు నుంచి వచ్చిన ఒక రైతు పొలాన్ని త్రిభుజాలు చేసి కట్టేసరికి, ఆయన అనుకున్నదాని కంటే కొన్ని సెంట్లు తగ్గాయి. గదంతా వినబడేలా అరిచాడు. "మా నాయన కాలం నుంచి అంతే ఉండాది. ఈయప్ప కంప్యూటర్ పెట్టి కోసేసినాడు!" నేను కోయలేదని, లేనిదాన్ని వాళ్ల నాయన నోటితో దున్నాడని చెప్పాను. ఆయన దస్తావేజులు రాసే పక్క గదికి వెళ్లి పాత పద్ధతిలో రాయించుకున్నాడు. అలాంటివాళ్లు ఆ వారంలో ఇంకా కొందరు వెళ్లారు. యజమాని మూతి ముడుచుకున్నాడు గానీ నన్ను పొమ్మనలేదు. ఇంగ్లీషు తప్పులు లేకుండా ఎక్కించేవాడు ఆ వీధిలో ఇంకొకడు దొరకడు.

ఆ ఎండాకాలంలోనే మా పొలం పంచుకోవలసి వచ్చింది.

మాకు మిగిలింది ఒక్క పొలం, రాజుపాలెం రోడ్డు పక్కన నల్లరేగడి. నాకూ మా చిన్నాన్న కొడుకుకూ ఉమ్మడి. అతను పులివెందులలో డ్రిప్పు పైపులు, మోటర్లు అమ్ముతాడు. ఆ పొలంలో తూర్పు గట్టుకు దగ్గరగా మా జేజినాయన సమాధి ఉంది. మా ఇళ్లలో పెద్దల్ని సొంత నేలలోనే పెడతారు. తక్కిన పొలాలన్నీ పోయినా ఇది మిగిలింది ఆయన అందులో ఉన్నందువల్లే. మా నాయన అన్నింటికీ సంతకాలు పెట్టాడు, దీనికి మాత్రం పెట్టలేదు.

తమ్ముడి ఆలోచన ఊరందరికీ తెలుసు. రోడ్డు పక్క సగం తీసుకుని ప్లాట్లు వేస్తానని పులివెందుల నుంచి ఇక్కడి దాకా చెప్పుకుంటున్నాడు. ప్లాట్ల మధ్య సమాధిని ఎవరు ఉంచుతారు? కొనడానికి వచ్చేవాడు కారు దిగగానే చూసి మళ్లీ కారెక్కుతాడు. ముందు రాళ్లు పీకుతారు, తర్వాత ఆ చోటు మీద రోడ్డు వేస్తారు. అలా జరగనివ్వడం నా వల్ల కాదు. నాకు ఆ పొలంలో కావలసింది అదొక్కటే. తక్కింది ఎవరు తిన్నా నాకు అక్కర్లేదు.

మా వైపు అన్నదమ్ముల పంపకానికి ఒక కట్టు ఉంది. పెద్దవాడు గీత గీయాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. గీసేవాడు తనకు ఏది వస్తుందో తెలియక సరిగ్గా గీస్తాడని పెట్టిన కట్టు. ఇక్కడ ఎవరికి ఏది వస్తుందో ముందే తెలుసు. తమ్ముడు రోడ్డు వదలడు. కాబట్టి సమాధి వెనక సగంలో పడితే చాలు, అడగకుండానే అది నాది అవుతుంది. అడగడం అంటారా, ఇంటి పెద్ద కొడుకు కొడుకును నేను. జేజినాయన కోసం నేను ఇంకొకడికి అర్జీ పెట్టుకోను.

ఊళ్లో పొలాలు కొలిచే మామ ఒకాయన ఉన్నాడు, మాకు దూరపు చుట్టం. ఆయన టేపు పట్టుకుని వచ్చి నాలుగు పక్కలూ కొలిచి, ఎదురెదురు గట్లు కలిపి సగాలు చేసి, గుణించి, పొలం మధ్యలో రోడ్డుకు దూరంగా ఒక గీత చెప్పాడు. ఆ గీత ప్రకారం సమాధి వెనక సగంలోనే, గీతకు ఆనుకుని ఉంది. నేను సరే అంటే అక్కడితో అయిపోయేది. ఆ రోజు సాయంత్రానికే హద్దురాళ్లు పాతేసేవాళ్లు.

కానీ మూల నుంచి మూలకు నేనూ ఒకసారి టేపు పట్టించి, ఆ కొలతలన్నీ తీసుకెళ్లి నా కాగితం మీద రాశాను, అంటే కంప్యూటర్‌లోని కాగితం మీద. మామ లెక్క తప్పు. రోడ్డు ఏటవాలుగా కోసుకుపోవడంతో ముందు సగం బాగా వంకర. వెనక సగం కొంత నయం. పాత పద్ధతి వంకరదానికి ఎక్కువ చూపిస్తుందని చెప్పాను కదా, అందువల్ల ముందు సగం ఉన్నదానికంటే పెద్దదిగా కనబడుతోంది. నిజానికి అది చిన్నది. సమానం చేయాలంటే గీతను వెనక్కి జరపాలి. జరిపితే సమాధి ముందు సగంలోకి పోతుంది. రోడ్డు పక్కకి. ప్లాట్లలోకి.

ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. మామ గీతనే ఉంచేయవచ్చు. కానీ తమ్ముడికి కొన్ని సెంట్లు తక్కువిచ్చి జేజినాయనను దాచుకున్నానన్న సంగతి, ఎవరికీ తెలియకపోయినా, నాకు తెలుస్తుంది. దువ్వూరు రైతుకు చెప్పిన మాట నాకు వర్తించకపోతే ఇక నేను ఆ గదిలో కూర్చోవడం దేనికి?

అందుకని గీతను వెనక్కి జరపకుండా తిప్పాను. తూర్పు కొసను రోడ్డు వైపు తీసుకొచ్చి సమాధిని వెనక సగానికి వదిలి, పడమటి కొసను పొలం వెనక ఉన్న వంక వైపు తోశాను. రెండు కొసలకూ రెండు పేర్లు పెట్టుకుని, ఒకదాన్ని కొంచెం మార్చడం, రెండు సగాలూ ఎంతెంత వచ్చాయో చూడడం, మళ్లీ మార్చడం. కింద త్రిభుజాలన్నీ నా వెంట కదిలేవి. పాత క్యాలిక్యులేటర్‌తో ఇది చేయాలంటే ఎండాకాలం అయిపోయి వానాకాలం వచ్చేది. మధ్యాహ్నం అన్నం విప్పేలోగా గీత దొరికింది. రెండు సగాలు సెంటుకు సెంటు సమానం. సమాధి వెనక. ఎవరికీ అన్యాయం లేదు, ఎవరినీ అడిగింది లేదు. ఆ రోజు అన్నం రుచిగా తిన్నానని ఒప్పుకుంటాను.

మామకు ఆ గీత చూపిస్తే తల పట్టుకున్నాడు.

"గట్టు సూటిగా ఉండాలబ్బీ. ఇట్ల ఏటవాలుగా పెడితే ట్రాక్టర్ యాడ తిరగాల? సాళ్లన్నీ పొట్టివైపోతాయి. ఊరోళ్లు నగుతారు."

"నగనీ మామా. లెక్క సరిగ్గా ఉండాది."

"నేను ఇన్ని పొలాలు కొలిచినా, ఒక్క గట్టు వంకర పెట్టలే."

"నీ గట్లు సూటిగానే ఉండాయి. లెక్కలే వంకర."

ఆయన టేపు చుట్టుకుంటూ, "పెద్దిల్లోళ్లు కూలిపోయినారు గానీ నోరు మాత్రం కూలలే" అన్నాడు. కోపంతో అనలేదు. నేనూ కోపం తెచ్చుకోలేదు. అయినా రాళ్లు ఎక్కడ పాతాలో నా గీత ప్రకారమే సున్నంతో గుర్తులు పెట్టాడు.

కోరుకునే రోజు తమ్ముడు పులివెందుల నుంచి కారులో వచ్చాడు. నల్ల కళ్లద్దాలు, చేతిలో రెండు ఫోన్లు. ఊళ్లోవాళ్లు నలుగురైదుగురు గట్టు మీద గుమిగూడారు. వాళ్లకు పని లేదని కాదు, పంపకం చూడ్డం వాళ్లకు సినిమా కంటే ఇష్టం. తమ్ముడు సున్నం గీత చూశాడు, మామను కొలతలు అడిగాడు, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచాడు. కలిపి సగం, కలిపి సగం, గుణకారం. చిన్నాన్న నేర్పింది అదే.

"అన్నా, ఇదేందన్నా? నా ఫోన్‌లో రోడ్డు పక్కది ఎక్కువ చూపిస్తాంది. వెనకది తక్కువ."

"నీ ఫోన్‌కు త్రిభుజం తెలీదు. రెండూ సమానమే."

"ఎట్ల సమానం? కొలత మామదే, లెక్క అందరిదే. ముందరిది ఎక్కువ."

వంకర పొలాన్ని ఆ పద్ధతి ఎందుకు పెద్దది చేసి చూపిస్తుందో చెప్పబోయాను. మట్టిలో పుల్లతో రెండు త్రిభుజాలు గీశాను కూడా. అతను వాటిని చూడలేదు, నన్ను చూశాడు. తర్వాత గట్టు మీదివాళ్ల వైపు తిరిగాడు.

"వినండప్పా. రోడ్డు నాకంట, ఎక్కువా నాకంట. మా అన్న చిన్నప్పుడు యానాడన్నా నాకు పెద్ద జామకాయ ఇచ్చినాడా?"

అందరూ నవ్వారు. మామ కూడా.

"ఆ పక్క ఏముంది? ఇంత కష్టపడి గట్టును పాము మాదిరి తిప్పినాడంటే ఊరికేనా? నీళ్లు! పాయింట్ చూపిచ్చుకున్యాడు." పాయింటంటే బోరు వేయడానికి నీళ్లున్న చోటు. మా వైపు కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నడిచేవాడి మాటకు డాక్టరు మాట కంటే విలువ ఎక్కువ. "యాడ చూపిచ్చుకున్యావన్నా? చెప్పు, నేనేం అనుకోను."

"నేను పాయింట్లు చూపించుకునే మనిషిని కాదు."

"చూడండి, మాట ఎట్ల తప్పిస్తాండాడో!"

అప్పుడు ఒక్క మాట చాలు. అక్కడ నీళ్లు లేవు తమ్ముడూ, జేజినాయన ఉన్నాడు, ఆయన కోసం తిప్పాను అంటే అయిపోయేది. మామ నా వైపే చూస్తున్నాడు. ఆయనకు అర్థమైంది. గడ్డం ఎత్తి, అడుగు అన్నట్టు సైగ చేశాడు. పని మానుకుని నవ్వుతున్న ఆ మనుషుల ముందర, నల్ల కళ్లద్దాలవాడి దగ్గర నేను జేజినాయనను అడుక్కోవాలి. అది నాకు రాదు. వంశంలో ఎవరికీ వచ్చినట్టు లేదు.

"కోరుకో" అన్నాను.

"నాకు వెనకదే కావాల" అన్నాడు తమ్ముడు. గట్టు మీదివాళ్లు సెబాసన్నారు, పెద్ద మోసం పట్టేసినట్టు.

కోరుకున్న భాగాన్ని మార్చడం ఉండదు. రాళ్లు పాతారు. అందరూ వెళ్లిపోయాక మామ నా పక్కన నిలబడ్డాడు.

"నోరు తెరిచి అడిగింటే ఇయ్యకపోవునా అబ్బీ? వానికి రోడ్డు వచ్చేది, నీకు మీ జేజినాయన వచ్చే."

"అడిగే అలవాటు మా ఇంట్లో లేదు మామా."

"అవును. అందుకే ఇంత దూరం వచ్చినారు."

ఆయన పొలాలు కొలవడంలో ఎంత తెలివిగలవాడో చూశాను కాబట్టి, మా ఇంటిని కొలవడం ఆయనకు వదిలేశాను.

తమ్ముడు నెల తిరక్కుండా బోరు వేయించాడు. ఎక్కడ వేశాడంటే, సమాధి పక్కన. గీత అంత దూరం తిరిగింది అక్కడికే కాబట్టి, నేను దాచుకున్న పాయింట్ అక్కడే ఉండాలని అతని తర్కం. ఆ చుట్టుపక్కల ఎన్నో బోర్లు దుమ్ము కక్కాయి. ఇది మాత్రం నీళ్లు చిమ్మింది. భూమిలో కూడా న్యాయం ఉంటుందని చెప్పేవాళ్లను తీసుకొచ్చి ఆ పైపు ముందు నిలబెట్టాలని నాకనిపించింది.

ఆ తర్వాత ప్రొద్దుటూరు గదికి జనం రావడం మొదలైంది. దస్తావేజుల కోసం కాదు.

"సామీ, కంప్యూటర్‌లో పాయింట్ చూసేది మీరేనంట గదా?"

"కాదు."

"మా పొలం కొలతలు తెచ్చినాం. యాడ ఏటవాలు పెట్టాలనో చెప్తే చాలు."

అది విస్తీర్ణం కట్టే లెక్క అనీ, దానికి భూమి పైది తప్ప లోపలిది తెలియదనీ ఎంత చెప్పినా వినేవాళ్లు కాదు. నేను కాదనేకొద్దీ పెద్ద విద్య ఏదో దాస్తున్నానని నమ్మకం పెరిగేది. త్రిభుజాల లెక్క తప్పని పక్క గదికి పోయిన దువ్వూరు రైతు కూడా వచ్చాడు. తన పొలం తగ్గించానన్న కోపం పోయింది, ఆ లెక్కతోనే నీళ్లు చూపించమన్నాడు. పొలం ఎంత ఉందో చెబితే నమ్మనివాడు, అదే యంత్రం నీళ్లు చెబుతుందంటే నమ్మాడు. ఆయన్ని బయటికి పొమ్మన్నాను. యజమాని నన్ను పక్కకు పిలిచాడు.

"ఎందుకప్పా పంపిచ్చేస్తావు? ఏదో ఒక మూల చూపిస్తే పోలేదా?"

"అబద్ధం చెప్పమంటావా?"

"అబద్ధం యాడుంది? నీళ్లు పడితే నిజమాయె, పడకపోతే వాని రాత."

అదే మనిషి, కొత్త క్యాలిక్యులేటర్ చెప్పింది నిజమని ఎట్లా తెలుస్తుందని నన్ను అడిగినవాడు. ఇప్పుడు దాని ముందు ఊదొత్తి వెలిగించి పెడతాడేమోనని నేను రోజూ ముందుగా వచ్చి చూసుకుంటున్నాను.

రోడ్డు పక్క సగం నాకు వచ్చింది. ప్లాట్లవాళ్లు జమ్మలమడుగు ఇంటికి వచ్చి, రోడ్డు ముక్క మీరు కొట్టేశారు, మీ తెలివి తెలివి అని పొగుడుతారు. వాళ్లను గడప దాటనివ్వను. అందులో శనగ వేయిస్తున్నాను. సాళ్లు పొట్టిగానే ఉన్నాయి, ఆ విషయంలో మామ చెప్పింది నిజం.

జేజినాయన పోయిన దినం వచ్చింది. ప్రతి ఏడూ ఆ పొద్దు నేను కొబ్బరికాయ, పూలు తీసుకుని పోతాను. ఈసారి పోయేసరికి గట్టు పొడవునా కంచె ఉంది, గేటు ఉంది, గేటుకు తాళం ఉంది. నీళ్లు పడ్డాక మోటరు ఎత్తుకుపోతారని తమ్ముడు కట్టించాడు. కంచెలోంచి చూస్తే సమాధి ఉంది. తీసేయలేదు. బోరు పక్కనే ఉంది కాబట్టి, మోటరు స్టార్టర్ పెట్టెను దాని గోడకు మేకులు కొట్టి తగిలించారు. పైన వాన పడకుండా ఒక రేకు వేశారు.

తమ్ముడికి ఫోన్ చేశాను. ఈ మాట రాయడానికి నాకు ఎంత సేపు పట్టిందో చెప్పను.

"తాళం వేసి ఉండాది" అన్నాను.

"ఔనన్నా, మోటరు ఉండాది గదా. ఈ పొద్దు జేజినాయన దినం కదూ? నేను మరిచేపోయినా. కాపలా ఆయప్ప ఆడనే గుడిసెలో ఉంటాడు, చక్రాయపేట వైపోడు, మనోళ్లెవరో ఆయనకు తెలీదు. నా పేరు చెప్పన్నా, ఇస్తాడు."

"స్టార్టర్ పెట్టె సమాధికి ఎందుకు కొట్టించినావు?"

"ఆడైతే వాన తగలదన్నా. జేజినాయన చూసుకుంటాడులే."

ఆ మాటను వేళాకోళంగా అన్నాడో నిజంగా అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఫోన్ పెట్టేసి గుడిసె దగ్గరికి నడిచాను. కాపలా మనిషి తుండు దులుపుకుంటూ బయటికి వచ్చాడు. నా ఇస్త్రీ చొక్కా చూసి ఎవరో ఆఫీసరు అనుకున్నాడు.

"ఎవరు కావాల సామీ?"

తమ్ముడి పేరు చెప్పాను. మొలకు కట్టుకున్న తాళం చెవి విప్పి గేటు తీశాడు. కొబ్బరికాయ చూసి పక్కకు జరిగాడు గానీ నా వెంటే వచ్చాడు.

"పోండి సామీ, పోండి. ఆ గోడ మాత్రం ముట్టుకోవాకండి. కరెంటు ఉంటాది."